లఘుచిత్రాలూ, బహుమతులూ, మన తూనికరాళ్ళూ

మన అభ్యుదయ విమర్శకులు నవలను తూచారు, కథానికను తూచారు, గేయాన్నీ నాటకాన్నీ తూచారు. కొడవటిగంటి కుటుంబరావు వంటివాళ్ళు సినిమాను కూడా వదలలేదు. కాని పది పదిహేను నిమిషాల లఘుచిత్రం సంగతి మాత్రం ఇప్పటికీ మనకు పిల్లకాయల ఆటగానే కనిపిస్తున్నది. దాన్ని గురించి మాట్లాడే పని వార్తాపత్రికల సినిమా పేజీకి వదిలేశాం. ఆ పేజీకి తెలిసిన కొలత ఒక్కటే: ఎన్ని బహుమతులు వచ్చాయి? మన విద్యార్థులు ఈనాడు కథలు చదివేదానికంటె లఘుచిత్రాలు చూసేది ఎక్కువ. కొందరు తీస్తున్నారు కూడా. చేతిలో ఫోను వుంటే చాలు. ఇటువంటి స్థితిలో బహుమతుల కొలతను మనం ఒప్పుకుంటామా, ఒప్పుకోకపోతే మన కొలత ఏది అనే ప్రశ్నకు జవాబు వెతకక తప్పదు.

మొదట లెక్క సంగతి చూద్దాం. దీపక్ రెడ్డి తీసిన ‘మనసానమః’ అనే తెలుగు లఘుచిత్రం 2020లో యూట్యూబులో వచ్చింది. దానికి 513 బహుమతులు వచ్చాయని 2022లో గిన్నిస్ పుస్తకం నమోదు చేసింది. లఘుచిత్రాలలో ప్రపంచ రికార్డు అది. ఆస్కారు పోటీకి అర్హత పొందిందని కూడా పత్రికలు రాశాయి. చిత్రంలో పనితనం లేకపోలేదు. సూర్య అనే యువకుడు తన ప్రేమలను తలచుకుంటుంటే దృశ్యాలు ముందుకు కాక వెనక్కి నడుస్తాయి. ఆ కూర్పు సాధించటానికి నటులూ సాంకేతికులూ ఎంత శ్రమ పడ్డారో చూసేవాడికి తెలుస్తూనే వుంటుంది. మెచ్చుకోవలసిందే. కాని ఆ ప్రేమించబడిన స్త్రీల పేర్లు చూడండి: చైత్ర, వర్ష, సీత. వాళ్ళు ఋతువులలాగా వస్తారు, ఋతువులలాగానే వెళ్ళిపోతారు. వాళ్ళకు ఇల్లు, వృత్తి, జీతం, జబ్బు యేవీ లేవు. కథానాయకుడి మనస్సులో వాతావరణం మారటానికి అక్కరకు వచ్చినంత మేరకే వాళ్ళ వునికి. మధ్యతరగతి యువకుడి ఏకాంతాన్ని ఇంత నేర్పుగా తీయటం ఒక సంగతి. ఆ ఏకాంతానికి బయట ఒక లోకం వున్నదని కెమేరా గుర్తించకపోవటం మరొక సంగతి. 513 మంది మొదటిదాన్ని చూశారు. రెండోదాన్ని గురించి ఆ అంకె మనకేమీ చెప్పదు.

అసలు ఈ అంకెలు ఎలా పెరుగుతున్నాయో కూడా తెలుసుకోవాలి. ఫలానా చిత్రం తన బహుమతులను ఎలా తెచ్చుకున్నదని నేను అడగటం లేదు. అడిగేందుకు నా దగ్గర ఆధారమూ లేదు. నేను మాట్లాడేది ఏర్పాటును గురించి. ఫిల్మ్‌ఫ్రీవే వంటి అంతర్జాల అంగళ్ళలో ప్రపంచంలోని చలనచిత్రోత్సవాలు వేలకు వేలు బారులు తీరి వుంటాయి. చాలావాటికి ప్రవేశ రుసుము వుంది, అదీ డాలర్లలో. వాటిలో కొన్నింటికి హాలు లేదు, ప్రేక్షకులు లేరు, నెలనెలా విజేతలు మాత్రం వుంటారు. కొమ్మా ఆకూ గీసిన ఆ బహుమతి ముద్రను పోస్టరు మీద అతికించుకోవచ్చు. సన్మానానికి చందా తనే ఇచ్చుకొని శాలువా తనే కొనుక్కుపోయే కవులు మనకు తెలియనివాళ్ళు కారు. సరుకు మారిందిగాని సంత పాతదే.

ఆస్కారు ఆ కోవలోది కాదని అంటారు. నిజమే, దానికొక క్రమం వుంది. లఘుచిత్రాలకు అక్కడ 1932 నుంచీ బహుమతులున్నాయి. మనుషులు నటించినవి వేరు, బొమ్మలు గీసి కదిలించినవి వేరు, డాక్యుమెంటరీలు వేరు. పేర్లతో కలిపి 40 నిమిషాలు దాటకూడదు. గుర్తింపు వున్న ఏ చిత్రోత్సవంలోనో బహుమతి పొంది గాని, అమెరికాలో నిర్ణీతమైన వూళ్ళలో సినిమాహాలులో వారం రోజులు ఆడి గాని రావాలి. మన పక్కన బెంగుళూరులో జరిగే లఘుచిత్రోత్సవానికి అటువంటి గుర్తింపు వుంది. వచ్చినవాటిలో 15 చిత్రాలను ఏరుతారు, అందులో 5 తుదిపోటీకి వెళతాయి. అంతా పద్ధతిగానే వుంది. కాని 2025 ఏప్రిల్‌లో ఆ అకాడమీవాళ్ళు ఒక కొత్త నియమం ప్రకటించారు: ఇకమీదట తుది వోటు వేసే సభ్యులు ఆ విభాగంలోని చిత్రాలన్నీ చూసి తీరాలి! అంటే అంతవరకూ చూడకుండా వోటు వేయటానికి వీలుండేదన్నమాట. పుస్తకం కట్టు విప్పకుండా పీఠిక రాసే పెద్దలు మన దగ్గరే వున్నారని ఇన్నాళ్ళూ బాధపడ్డాం.

ఇక చిత్రాలలోకి వెళదాం. 2025 మార్చిలో ముగిసిన పోటీలో తుదివరకూ నిలిచిన ఐదింటిలో మూడింటిని మా కళాశాలలో కొందరు విద్యార్థులమూ ఉపాధ్యాయులమూ కలిసి చూసి తర్జనభర్జన పడ్డాం. మాలో అభిప్రాయభేదం వచ్చింది. అది ఇప్పటికీ తీరలేదు.

ఆ మూడింటిలో మన దేశపు కథ ‘అనూజ’. దర్శకుడు ఆడమ్ గ్రేవ్స్ అమెరికావాడు. ఢిల్లీలో ఒక సందులోని బట్టల కార్ఖానాలో అక్క పాలక్, తొమ్మిదేళ్ళ చెల్లెలు అనూజ పని చేస్తుంటారు. అనూజకు లెక్కలు బాగా వచ్చు. ఒక ఉపాధ్యాయుడు వచ్చి, ప్రవేశ పరీక్ష రాస్తే వసతి వున్న పాఠశాలలో చోటు దొరుకుతుందంటాడు. పరీక్ష రుసుము 400 రూపాయలు. అక్కచెల్లెళ్ళు గుడ్డపీలికలతో సంచులు కుట్టి అమ్మి ఆ డబ్బు సంపాదిస్తారు. ఈలోగా కార్ఖానా యజమానికి కూడా పిల్ల లెక్కల తెలివి తెలిసిపోతుంది. తన ఆఫీసులో లెక్కలు రాయమంటాడు, రాకపోతే ఇద్దరికీ పని వుండదంటాడు. పరీక్ష నాడు అనూజ ఎటు వెళ్ళిందో మనకు చెప్పకుండానే చిత్రం ఆగిపోతుంది. అనూజగా నటించిన సజ్దా పఠాన్ వీధిబాలలను ఆదుకొనే సలాం బాలక్ ట్రస్టు నీడన పెరిగిన పిల్ల. ఆమె ముఖం మీద నటన జాడ కనిపించదు. అక్కచెల్లెళ్ళు జిలేబీ తినే దృశ్యంలో వున్న జీవం పెద్ద పెద్ద చిత్రాలలో వుండదు.

మార్కాపురంలో కూర్చొని ఈ చిత్రాన్ని చూడటంలో ఒక విశేషం వుంది. 1987లో కేంద్ర ప్రభుత్వం బాలకార్మిక విధానం ప్రకటించి, 1988లో దేశంలో కొన్ని చోట్లను ఎంచుకొని ప్రత్యేక పథకాలు పెట్టింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజులు, అలీగఢ్ తాళాలు, సూరతు వజ్రాల సాన – వాటి సరసన మార్కాపురం పలకలు. దేశానికంతటికీ పలకలు పంపిన వూరు ఇది. ఆ పలక మీద అక్షరాలు దిద్దిన పిల్లలు వేరు, ఆ పలకను తయారు చేసిన పిల్లలు వేరు. గనిలోంచి తెచ్చిన రాతిని పొరలుగా చీల్చటం, కోయటం, అరగదీయటం, చట్రం బిగించటం – ఆ దుమ్ములో మన తల్లులూ అక్కలూ బాల్యం గడిపారు. ప్లాస్టిక్కూ కాగితమూ వచ్చి పలక వ్యాపారం చితికింది. వూరి చుట్టూ రాతి వ్యర్థాల గుట్టలు మిగిలాయి. ఇప్పుడు ఆ రాయి ఇళ్ళ గోడలకూ నేలకూ అలంకారంగా పోతున్నది. కనుక ‘అనూజ’ వంటి కథకు ఇక్కడ ప్రేక్షకుడు జాలిపడి వూరుకోడు. పని వివరం అడుగుతాడు.

ఆ వివరం దగ్గరే చిత్రం పలచబడింది. కార్ఖానాలో రోజు కూలి ఎంత? కుట్టిన బట్ట ఎవరి దుకాణానికి పోతుంది? ఆ యజమానికి పని ఇచ్చే పై యజమాని ఎవడు? ఇవేవీ అడగకుండా కథ నేరుగా ఒక పరీక్ష దగ్గరకు వెళ్ళిపోతుంది. అనూజ లెక్కల్లో అసాధారణ ప్రజ్ఞ కలది కాబట్టి ఆమెకు ఒక తలుపు తెరుచుకుంది. పాలక్‌కు అటువంటి ప్రజ్ఞ లేదు. మరి ఆమె పదేళ్ళ తరువాత కూడా అదే కుట్టుమిషను ముందు కూర్చోవలసిందేనా? ప్రజ్ఞ వున్న పిల్లను బయటికి తీసుకురావటం అన్యాయాన్ని కదిలించదు. అన్యాయం ఒక మంచి గుమాస్తాను పోగొట్టుకుంటుంది, అంతే. చిత్రం చివర పిల్ల నిర్ణయాన్ని దాచటం గొప్ప శిల్పమని కొందరు విద్యార్థులన్నారు. నాకలా తోచలేదు. ఆ నిర్ణయం పిల్లది అయినట్టు చూపటమే పొరపాటు. తొమ్మిదేళ్ళ పిల్ల ముందు రెండు దారులు పెట్టి, ఏది ఎంచుకుంటావని అడిగి, ఆ బరువును ఆమె నెత్తిన పెట్టి ప్రేక్షకుడు హాలు వదిలి వెళ్ళిపోవచ్చు. ఇక్కడి పిల్లల నెవరూ అలా అడగలేదు. 1986 చట్టాన్ని 2016లో సవరించి పద్నాలుగేళ్ళలోపు పిల్లల పనిని నిషేధిస్తూనే, బడి వేళలు కాని వేళల్లో ఇంటి వృత్తిలో సాయపడవచ్చునన్న సందు వదిలారు. ‘అనూజ’ రచయితకు ఆ సందు మంచి కథావస్తువు అయివుండేది.

ఇంకొక సంగతి. భారతదేశపు కథలతో ఈ విభాగంలో పైకి వచ్చిన చిత్రాలను వరుసగా పెట్టి చూస్తే ఒక చిత్రమైన పోలిక కనబడుతుంది. 2005 పోటీలో అశ్విన్ కుమార్ తీసిన ‘లిటిల్ టెర్రరిస్ట్’ తుదివరకూ వచ్చింది. క్రికెట్ బంతి కోసం మందుపాతరల సరిహద్దు దాటి వచ్చిన పాకిస్తాను పిల్లవాడి కథ అది. 2010లో గ్రెగ్ హెల్వీ తీసిన ‘కవి’, ఇటుకబట్టీలో వెట్టి చేసే పిల్లవాడిది. 2021లో కరిష్మా దేవ్ దూబే చిత్రం ‘బిట్టు’ తుదిపోటీకి ముందటి జాబితా దాకా వెళ్ళింది. 2013లో బీహారులో విషమైన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పసివాళ్ళు చనిపోయిన దారుణం దానికి ప్రేరణ. ఇప్పుడు ‘అనూజ’. నాలుగింటిలోనూ ప్రధాన పాత్ర పసివాళ్ళే. ఇది కేవలం యాదృచ్ఛికమా? నాకు నమ్మకం లేదు. దూరదేశపు ప్రేక్షకుడికి మన పేదరికం పిల్లవాడి రూపంలోనే మింగుడుపడుతుంది. పిల్లవాడు జాలి అడుగుతాడు. పెద్దవాడు కూలి అడుగుతాడు, సంఘం పెడతాడు, ఒక్కొక్కప్పుడు తిరగబడతాడు. అతని కథకు చప్పట్లు అంత సులభంగా రావు. ఈ నాలుగూ ఒక్క స్థాయివి కావని కూడా చెప్పాలి. ‘బిట్టు’లో ఇద్దరు చిన్నారుల స్నేహం, కీచులాట ఎంత సహజంగా వున్నాయంటే, దుర్ఘటన వచ్చేసరికి వాళ్ళు బాధితులుగా కాక మనకు తెలిసిన పిల్లలుగా ఎదుట నిలుస్తారు. నాలుగింటిలో నా వోటు దానికే.

ఆ యేడు బహుమతి కొట్టినది ‘ఐ యామ్ నాట్ ఎ రోబో’ అనే డచ్చి చిత్రం. దర్శకురాలు విక్టోరియా వార్మర్‌డామ్. కంప్యూటరు ‘నువ్వు మనిషివేనని నిరూపించుకో’ అని పెట్టే చిన్న పరీక్షలో మాటిమాటికీ తప్పుతున్న ఒక స్త్రీకి తను మనిషి కాదేమోనన్న అనుమానం పుడుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలి, తనను ప్రియుడే తనకోసం తెప్పించుకున్నాడని తేలుతుంది. ఇది సంపన్న దేశాల పొద్దుపోని బాధ అని మాలో ఒక ఉపాధ్యాయుడు కొట్టిపారేశాడు. అంత తొందర పనికిరాదు. కన్యాశుల్కం చదివిన జాతికి వెల ఇచ్చి తెచ్చుకున్న ఆడదాని సమస్య పరాయిది కాదు. లుబ్ధావధాన్లు బేరమాడి కొనబోయాడు, ఈ డచ్చి యువకుడు ప్రేమగా ఆర్డరిచ్చాడు. తేడా నాగరికతలో వుంది, ఆస్తిహక్కులో లేదు. ఆ చిత్రంలోని హాస్యం వెనుక వున్న కరకుదనాన్ని మనం గుర్తించాలి. అయితే చివరకు ఆ స్త్రీ తిరుగుబాటు తన దేహంతోనే మొదలై తన దేహంతోనే ముగుస్తుంది. ఆమెను తయారు చేసి అమ్మిన కంపెనీ తలుపు మాత్రం ఎవరూ తట్టరు.

మూడవది క్రొయేషియా దర్శకుడు నెబోయ్షా స్లియెప్చెవిచ్ తీసిన ‘మౌనంగా వుండలేకపోయిన మనిషి’. 2024 కాన్ ఉత్సవంలో లఘుచిత్రాల పెద్ద బహుమతి దీనిదే. ఆస్కారు రాలేదు. 1993 ఫిబ్రవరి 27న బెల్‌గ్రేడు నుంచి బార్ వెళ్ళే రైలును ష్ట్ర్‌ప్‌ట్సి అనే చోట సాయుధ ముఠా ఆపింది. మతం, పేరు చూసి మనుషులను దింపి తీసుకుపోయి చంపింది. బండినిండా జనం వున్నారు. లేచి ఎదురు చెప్పినవాడు ఒక్కడు, తోమో బూజోవ్ అనే పదవీ విరమణ చేసిన సైనికోద్యోగి. అతన్నీ చంపారు. చిత్రం పద్నాలుగు నిమిషాలలోపే. దానిలోని విశేషం ఏమిటంటే కెమేరా బూజోవ్‌ను పట్టుకొని నడవదు. అదే పెట్టెలో కూర్చున్న మరొక ప్రయాణీకుడి ముఖం మీద వుంటుంది. అతను మంచివాడే. పక్కనున్న కుర్రవాడికి ధైర్యం చెప్పినవాడే. సమయం వచ్చేసరికి గొంతు పెగలదు. అతనికంటె ఏ మాత్రమూ ప్రత్యేకత కనిపించని ముసలాయన లేచి నిలబడతాడు.

ఇక్కడే మాకు భేదాభిప్రాయం వచ్చింది. ‘అనూజ’ మన సమస్య, మన దేశం, బాలకార్మికుల పక్షం వహించింది కనుక అది పైచేయి అని కొందరు విద్యార్థుల వాదం. రైలు చిత్రంలో వర్గం లేదు, ఉద్యమం లేదు, ఒక్కడి సాహసం వుంది, అది వ్యక్తివాదమని కూడా అన్నారు. ఈ వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోవటం లేదు. వస్తువు మంచిదైతే రచన మంచిదేనని తీర్పు చెప్పే అలవాటు మనకు ఎప్పటినుంచో వుంది, దానికి చారిత్రకమైన కారణాలు కూడా వున్నాయి. కాని ఆ అలవాటువల్లనే ఎర్రజెండా పట్టుకొని ముగిసే ఎన్నో నీరసమైన కథలను అచ్చువేశాం. వస్తువు ఎవరి పక్షాన వున్నదని అడిగినట్టే, ప్రేక్షకుణ్ణి ఏ స్థానంలో కూర్చోబెడుతున్నదని కూడా అడగాలి. ‘అనూజ’ నన్ను దాత స్థానంలో కూర్చోబెట్టింది. ఆ 400 రూపాయలు నేనివ్వగలను కదా అనిపించింది, మనస్సు తేలికపడింది. రెండోది నన్ను ఆ రైలు పెట్టెలోనే కూర్చోబెట్టింది. గుంటూరు–నంద్యాల లైనులో మార్కాపురం రోడ్డు దగ్గర ఎక్కి గిద్దలూరులో దిగే మనలో ప్రతివాడికీ ఆ పెట్టె తెలుసు. ఎదుటి బల్ల మీది మనిషిని పేరు అడిగి, వూరు అడిగి, ఆ తరువాత తెలివిగా కులం అడిగే సంభాషణ తెలుసు. ఎవడో ఒకడు ఒక పేదవాణ్ణి అవమానిస్తుంటే కిటికీలోంచి నల్లమల కొండలను చూడటమూ తెలుసు. ఆ చిత్రంలో వ్యక్తివాదం వున్నదని నేననుకోను. అందరూ ఒక్కొక్కరుగా మౌనంగా వుండటం ఎలా సంభవిస్తుందో చూపటం సామాజిక విమర్శ కాక మరేమిటి?

ఈ సందర్భంలోనే ఒక కన్నడ చిత్రాన్ని తలచుకోవాలి. మైసూరుకు చెందిన వైద్యుడు చిదానంద నాయక్ పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటులో తీసిన 16 నిమిషాల చిత్రం 2024లో కాన్‌లో విద్యార్థి చిత్రాల మొదటి బహుమతి పొంది ఆస్కారు పోటీలో కూడా ప్రవేశించింది. ఆ చిత్రం పేరుకు అర్థం ‘మొదట తెలిసింది పొద్దుతిరుగుడు పూలకే’ అని. ఒక ముసలమ్మ వూరి కోడిని దొంగిలిస్తుంది, వూరికి తెల్లవారటం మానేస్తుంది. కన్నడ జానపద గాథ ఇది. మనకు కథ అక్కర్లేదు, సామెతే వుంది: నా కోడీ కుంపటీ లేకపోతే వూరికి తెల్లవారదు అనుకొన్నదట ముసలమ్మ. మనం ఆ సామెతను ఎవరిమీద వాడతాం? తన గొప్ప చూసుకొనే అల్పుల మీద. నువ్వు లేకపోతే లోకం ఆగదులే అని వెక్కిరించటానికి. ఈ చిత్రం ఆ వెక్కిరింతను వెనక్కి తిప్పింది. ముసలమ్మ కోడి తీసుకుపోయింది, నిజంగానే పొద్దు పొడవలేదు. రాత్రిపూట తీసిన ఆ చీకటి దృశ్యాలు చూస్తుంటే నాకు తోచిన మాట చెబుతాను: పనివాళ్ళు పని ఆపితే ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఆ ముసలమ్మను చూసి నవ్వలేరు. దర్శకుడు ఈ అర్థం వుద్దేశించాడో లేదో నాకు పట్టింపు లేదు. జానపదుల కథలో అది దాగి వుంది, ఆయన దాన్ని చెడగొట్టలేదు. అదే వస్తువును మన సీమలో ఎవరైనా తీసివుంటే చివర ఒక పెద్దమనిషి వచ్చి కోడి గొప్పతనం మీద ఉపన్యాసం ఇచ్చివుండేవాడని నా భయం.

ఈ భయం వూరికే కలగలేదు. పడమటి ప్రకాశంలో కళాశాలల మధ్య జరిగే లఘుచిత్రాల పోటీలకు రెండు మూడుసార్లు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. మార్కుల కాగితంలో నూటికి నలభై ‘సందేశం’ అనే గడికి వుంటాయి. కనుక చిత్రాలన్నీ సందేశం కోసమే నడుస్తాయి. తాగుబోతు తండ్రి, ఏడ్చే తల్లి, కలెక్టరయ్యే కొడుకు. ఆఖరున నల్లని తెరమీద తెల్లని అక్షరాలతో ఒక నీతి. తాగే నీళ్ళలో ఫ్లోరైడు వున్న వూళ్ళ పిల్లలు, వెలిగొండ సొరంగాల్లోంచి కృష్ణ నీళ్ళు వస్తాయని తాతల కాలంనుంచి విన్న పిల్లలు, తల్లిదండ్రులు మిరపకోతలకు గుంటూరు వైపో, కట్టడాల పనికి బెంగుళూరో పోతే అవ్వ దగ్గర పెరిగిన పిల్లలు – వాళ్ళు తీసే చిత్రంలో వాళ్ళకు తెలిసిన ఒక్క వస్తువు కూడా కనిపించదు. సినిమాలో చూసిన పేదరికాన్ని సినిమాలోకి ఎత్తిపోస్తుంటారు.

ఒక్క చిత్రం మాత్రం వేరుగా వచ్చింది. ఒక డిగ్రీ విద్యార్థి తల్లి పలకలకు చట్రాలు బిగించే పనిని ఆరు నిమిషాలు తీశాడు. సంగీతం లేదు. మాటలు కూడా రెండు మూడే. వేళ్ళు, రాయి, చట్రం, మేకు, పక్కన పేరుకొనే దొంతర. మధ్యలో ఒకసారి ఆమె పలకను తుడిచి వెలుగుకు పట్టి చూస్తుంది, బీట వున్నదేమోనని. ఆ చూపులో వున్న నిపుణత ముందు మా న్యాయనిర్ణేతల చూపు ఎందుకూ పనికిరాదు. ఆమె దీనురాలుగా కనిపించదు, పని తెలిసిన మనిషిగా కనిపిస్తుంది. పని తెలిసిన మనిషికి గిట్టుబాటు ఎందుకు లేదన్న ప్రశ్న చూసినవాడి మనస్సులో దానంతట అదే పుడుతుంది. నా పక్కన కూర్చున్న ఇద్దరు న్యాయనిర్ణేతలు సందేశం గడిలో నలభైకి ఐదేసి మార్కులు వేశారు. కథ లేదు కదా మాస్టారూ అన్నారు. గురజాడ ‘దిద్దుబాటు’ రాసిన 1910 నుంచీ కథానికను చదువుతున్న జాతి, ఒక మనిషి రోజంతా చేసే పనిలో కథ వుంటుందని ఒప్పుకోవటానికి ఇంకా తటపటాయిస్తున్నది.

ఆ తరువాతి పోటీకి మార్కుల కాగితం మార్చాలని నిర్వాహకులకు రాసి ఇచ్చాను. సందేశం గడి తీసివేసి, దాని స్థానంలో ‘తీసినవాడికి తను చూపే జీవితం ఎంతవరకు తెలుసు?’ అనే గడి పెట్టమన్నాను. చాలాసేపు చర్చ జరిగింది. చివరకు కొత్త గడికి పది మార్కులు ఇవ్వటానికి ఒప్పుకున్నారు. సందేశానికి ముప్ఫై అలాగే వున్నాయి.